ఎల్పీ మామ

శ్రీనివాసపురంలో మామిడి కాలంలో ఎవరిని కదిపినా తోతాపురి ధర చెబుతారు. ఎల్పీ మామ ఒక్కడే పాటగాడు ఓటిస్ రెడ్డింగ్ ఎట్లా పోయాడో చెబుతాడు. 1967 డిసెంబర్ 10, అమెరికాలో మొనోనా అనే చెరువు, అందులో కూలిన విమానం, ఇరవయ్యారేళ్ల వయసు. మండీలో కాయ దించే హమాలీలకు కూడా ఈ వివరాలు కంఠతా వచ్చు, పాపం.

ఈ బాపతు మనిషి కోలారు జిల్లాలో ఊరికొకడైనా తగులుతాడు. డెబ్బై దాటి ఉంటాయి. సినిమా పాట వినబడితే మొహం తిప్పుకుంటాడు. ఈ ఇంగ్లిష్ పాటల పిచ్చంతా బంగారు గనుల చలవ. దొరల కాలంలో చిట్టి ఇంగ్లండ్ అనిపించుకున్న ఊరు కేజీఎఫ్. శివనసముద్రం నుంచి కరెంటు 1902లోనే వచ్చింది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, క్లబ్బులు, డాన్సులు. తర్వాత వాళ్లలో చాలామంది ఆస్ట్రేలియాకూ ఇంగ్లండుకూ తరలిపోయారు. పోతూ పోతూ మోయలేని సామానంతా అమ్మేశారట. మంచం కొన్నవాడు హాయిగా పడుకున్నాడు. రికార్డుల పెట్టె కొన్న మామకు ఆనాటి నుంచి నిద్ర లేదు, ఇంటివాళ్లకూ లేదు.

మామ అబద్ధం ఆడడు, అది ఒప్పుకోవాలి. బీటిల్స్‌లో రింగో కంటే ముందు డ్రమ్ములు వాయించిన పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో పుట్టాడంటాడు. నిజమే. ఎంగెల్బర్ట్ హంపర్డింక్‌దీ మద్రాసే, 1936 అంటాడు. అదీ నిజమే. మామకు తేదీల్లో తేడా రాదు, దూరాల్లోనే వస్తుంది. మద్రాసు మనకు పక్కనే కాబట్టి పీట్ బెస్ట్ మన పిల్లోడు. 1962లో అతన్ని తీసేయడం కోలారు జిల్లాకు జరిగిన అన్యాయం.

“మనోణ్ణి తీసేసినారు గదప్పా!” అని నిన్న జరిగిన పంచాయితీలా వాపోతాడు.

ఇక బెంగళూరులో పుట్టిన బిడ్డు పేరు వస్తే మామ కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. లండన్ చేరిన బిడ్డు కార్ల్ డగ్లస్ చేత ‘కుంగ్‌ఫూ ఫైటింగ్’ పాడించాడు. అసలు పాట వేరే ఉంది. రికార్డు వెనక పక్క నింపడానికి, స్టూడియో టైము అయిపోతుంటే చకచకా ముగించిన పాట ఇది. 1974లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయి కూర్చుంది. “కొసరప్పా, కొసరు!” అని మామ తొడ చరుస్తాడు. కొసరు వేయందే బేరం తెగని ఊళ్లో ఇంతకన్నా వివరించాల్సిన పని లేదు. ఆ బిడ్డే 1980లో ‘ఖుర్బానీ’ కోసం నాజియా హసన్ చేత పాడించాడని ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం మామకు వినబడదు. సినిమా కదా.

బోనీ ఎమ్ ఊసెత్తితే వెంటనే వినబడుతుంది. “ఆ బాబీ ఫారెల్ ఎగిరినాడు అంతే. గొంతు ఫ్రాంక్ ఫారియన్‌ది!” ఇదీ నిజమే. ఒకప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో ఆ పాటలకు చొక్కాలు తడిసేలా ఎగిరిన పెద్దలు ఈ మాటకు నొచ్చుకుంటారు. ఎగిరేవాడికి గొంతెందుకు?

సోల్ సంగీతం అంటే ఏమిటని మనవడు అడిగితే మామ అరీతా ఫ్రాంక్లిన్‌ను పెట్టాడు. నాన్న డెట్రాయిట్‌లో చర్చి పాస్టరు, ఈమె అక్కడే పాడుతూ పెరిగింది. “భజన మందిరం పిల్ల మైకు పట్టుకొని బజారుకొచ్చింది, అదే సోల్” అన్నాడు. ఇంతకన్నా మంచి నిర్వచనం పుస్తకాల్లో ఉంటుందని నాకు నమ్మకం లేదు. ‘రెస్పెక్ట్’ మొదట ఓటిస్‌దే, 1965లో. రెండేళ్లకు అరీతా పాడి తన సొంతం చేసుకుంది. ఇంగ్లిష్ ముక్క రాని అత్త వంటింట్లోంచి తొంగి చూసింది.

“ఆయమ్మ ఏదో గట్టిగానే అడుగుతా ఉంది. అదేందో ఇచ్చేయగూడదా?”

ప్రస్తుతానికి ప్లేయర్ సూది అరిగిపోయింది. కొత్తది ఫోన్‌లో తెప్పిస్తానని మనవడు అంటున్నాడు. డబ్బు మాత్రం తోట కాయ మండీకి చేరాకే. తోతాపురి ఎంత పలుకుతోందో తెలిసినవాళ్లు కాస్త మామకు చెప్పండి. ఆయనకు తెలియదు.