కారుంది, ఇంట్లో పానా లేదు

మా వీధిలో ఇప్పుడు ప్రతి గేటు ముందూ కారుంది. కొన్ని ఇళ్ళకి రెండేసి ఉన్నాయి. ఏ ఇంట్లోనూ ఒక్క పానా లేదు. "జాకీ ఉందా బాబూ?" అని అడిగితే "డిక్కీలో ఎక్కడో ఉండాలి అంకుల్" అంటాడు కుర్రాడు. బండి కొని మూడేళ్ళయింది, ఆ జాకీ బయటికి తీసి చూసిందే లేదు. వైపర్ రబ్బరు అరిగితే సర్వీస్ సెంటర్‌కి ఫోను. బల్బు మాడితే ఫోను. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొక్కు కనిపిస్తే అదేమిటో తెలియక మళ్ళీ ఫోను. పది పన్నెండు లక్షలు పోసి కొన్న వస్తువు గురించి యజమానికి తెలిసింది రంగూ, మైలేజీ, నెలవారీ వాయిదా. నాకు కడుపు మండేది ఇందుకే.

మా రోజుల్లో కారున్నవాడికి కారు తెలిసుండేది. తెలుసుకోక తప్పేది కాదు. రోడ్ల మీద తిరిగేవి ముఖ్యంగా మూడు రకాలు. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. ఆ ఫియట్టే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. కొత్త బండికి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలమది. చేతికొచ్చిన బండిని ఇంటి మనిషిలా చూసుకుని పదిహేను ఇరవై ఏళ్ళు నడుపుకోవాల్సిందే.

ఆ కార్లు ఇప్పటి కార్లకన్నా గొప్పవని నేననను. ఎండాకాలం మరిగేవి, వానాకాలం మొరాయించేవి. అయితే బానెట్ ఎత్తితే లోపల ఏది ఏమిటో కంటికి కనిపించేది. చెయ్యి పెట్టడానికి చోటుండేది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనే టాపెట్లు ఎలా సరిచేసుకోవాలో, పాయింట్ల సందు ఎంత ఉంచాలో, గ్రీజు ఎక్కడెక్కడ కొట్టాలో రాసి ఉండేది. ఇవాళ్టి పుస్తకం తిప్పి చూడండి. మూడొందల పేజీల్లో సగం హెచ్చరికలు, మిగతా సగంలో ప్రతి రెండో పేజీలో "మీ అధీకృత డీలరుని సంప్రదించండి" అన్న మాట. అప్పటి పుస్తకం యజమానికి పని నేర్పింది, ఇప్పటి పుస్తకం అతన్ని దూరంగా నిలబడమంటోంది.

నేను ఎనభైల మొదట్లో సెకండ్‌హ్యాండ్ ఫియట్ కొన్నాను. అంతకుముందు నాన్నగారి అంబాసిడర్ దగ్గర పని నేర్చుకున్నాను. అంబాసిడర్‌కి అంగుళాల పానాలు, ఫియట్‌కి మిల్లీమీటర్ల పానాలు. ఒకదాని పానా రెండోదానికి పెడితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. అందుకని మా ఇంట్లో రెండు సెట్లూ ఉండేవి. సైడు పానాలు, రింగు పానాలు, ప్లగ్గు పానా, ఫీలర్ గేజి, గ్రీజు గన్ను, ఒక నల్లటి పాత గుడ్డ. ఈ సరంజామా వరండా చివర రేకు పెట్టెలో ఉండేది.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగి పెట్టె తెరిస్తే భోజనాల వేళ దాకా అదే పని. ముందు ప్లగ్గులు ఊడదీయాలి. ప్లగ్గు మొన చూస్తే ఇంజిన్ లోపలి సంగతి తెలుస్తుంది. బిస్కెట్ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. నూనె తడి కనిపిస్తే పిస్టన్ రింగులు అరుగుతున్నట్టు. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలక మరీ వేడెక్కుతున్నట్టు. మొనలు శుభ్రం చేసి, ఫీలర్ గేజితో కొలిచి, అంబాసిడర్‌కైతే 0.025 అంగుళం సందు పెట్టేవాళ్ళం. డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత తీసి పాయింట్లు గరుకు కాగితంతో సున్నితంగా రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, 0.015 అంగుళం సందు పెట్టేవాళ్ళం. వైర్లు మళ్ళీ తగిలించేటప్పుడు 1-3-4-2 వరస తప్పకూడదు. ఈ వరస మా ఇంట్లో ఎక్కం పాఠంలా చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చేది.

ఆపైన బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్ళు వేడినీళ్ళతో కడిగి వాజిలిన్ రాయడం, ఫ్యాన్ బెల్టుని బొటనవేలితో నొక్కి అర అంగుళం దిగుతోందో లేదో చూడడం, చక్రాల దగ్గరి నిపిళ్ళకి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టడం. ఆయిల్ మార్చే రోజైతే ముందు ఒక చుట్టు తిప్పుకొచ్చి ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే అడుగు బోల్టు విప్పాలి, లేకపోతే చిక్కటి మడ్డి లోపలే ఉండిపోతుంది. చేసిన ప్రతి పనీ తేదీతో, కిలోమీటర్లతో సహా డ్యాష్‌బోర్డు అరలోని పుస్తకంలో రాసేవాళ్ళం.

దారిలో బండి ఆగిపోతే మేం అడిగే ప్రశ్న ఒక్కటే. కరెంటా, పెట్రోలా? ప్లగ్గు వైరు ఊడదీసి, దానికి ప్లగ్గు తగిలించి ఇంజిన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించేవాళ్ళం. నీలంగా మెరుపొస్తే కరెంటు ఉన్నట్టు. అప్పుడు కార్బొరేటర్‌కి పోయే పైపు వదులు చేసి పెట్రోలు వస్తోందో లేదో చూడాలి. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆగిపోయిందంటే ఎక్కువసార్లు పంపులో పెట్రోలు ఆవిరైనట్టే. తడిగుడ్డ పంపు మీద కప్పి చెట్టు నీడన కాసేపు కూర్చుంటే బండి మళ్ళీ కదిలేది. వానలో ఆగితే డెల్కో మూత లోపలి తడి తుడవాలి. సెల్ఫ్ పని చెయ్యకపోతే చేత్తో ఇంజిన్ తిప్పే హ్యాండిల్ ఉండేది. దాన్ని పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పకూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచి పైకి లాగాలి. ఇంజిన్ వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. ఇవన్నీ పెద్దవాళ్ళ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవి.

పెద్ద పనులకి మేస్త్రి ఉండేవాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య మా మేస్త్రి షెడ్డు. బండి వదిలేసి వెళ్ళిపోతే ఆయనకి నచ్చేది కాదు. "ఇలా వచ్చి టార్చి పట్టుకోండి సార్, మీ బండికేమైందో మీరూ చూడాలిగా" అనేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, మోత ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పేవాడు. తర్వాత ఆ పిడి నా చెవికి పెట్టేవాడు. మార్చిన పాత సామాను కాగితంలో చుట్టి నా చేతికిచ్చేవాడు. అరిగిన క్లచ్ ప్లేటు ఎలా ఉంటుందో, పళ్ళు పోయిన గేరు ఎలా ఉంటుందో అలా తెలిసింది. హైదరాబాద్ వైపు వాళ్ళకి సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాలు అలాంటి బడే. కౌంటర్ మీద పాత ముక్క పెడితే దాని సైజూ, రకమూ, ఎన్నాళ్ళొస్తుందో అన్నీ అక్కడే చెప్పేవాళ్ళు.

ఇప్పుడు? అద్దాల గది, ఏసీ, కాఫీ మిషను. పని జరిగేచోటికి యజమాని వెళ్ళకూడదట, గోడకి బోర్డు ఉంది. సాయంత్రానికి రెండు పేజీల బిల్లొస్తుంది. ఇంజిన్ కోటింగు, ఏసీ శుద్ధి, ఇంకా ఏవేవో వరసలు. పోయినేడు మావాడి కారు ఇలాగే ఒక సర్వీస్ సెంటర్‌కిస్తే, ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు బిల్లులో రాశారు. అంతకు వారం ముందే ఆ ఫిల్టర్ నా చేత్తో మార్చి, అంచు మీద పెన్సిలుతో తేదీ వేశాను. పాతది చూపించమంటే పారేశామన్నారు. ఫిల్టర్ పెట్టె విప్పించి చూస్తే నేను వేసిన తేదీ అలాగే ఉంది. మారు మాట్లాడకుండా ఆ వరస కొట్టేసి డబ్బు తగ్గించారు. మావాడు ఒక్కడే వెళ్ళుంటే ఆ డబ్బు కట్టి వచ్చేసేవాడు. ఇంట్లో తెలివిడి పోతే చేతిలో డబ్బు పోతుంది.

మార్పుకి కారణాలున్నాయి, వాటిని నేను కాదనను. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినా మొదట్లో అందులోనూ కార్బొరేటరే. పొగ నిబంధనలు బిగుసుకునేకొద్దీ కార్బొరేటర్ పోయింది, దాని చోట కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 పొగ నిబంధనలు, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అమలయ్యాయి. గాలి మెరుగుపడాలంటే ఇది కావలసిందే. ఆయిలు పదివేల కిలోమీటర్లు ఆగుతోంది, మంచిదే. బ్రేకులు బాగున్నాయి, ఎయిర్‌బ్యాగులున్నాయి, ఇంకా మంచిదే. కానీ హెడ్‌లైటు బల్బు మార్చడానికి బంపరు ఊడదీయాల్సిన అవసరం ఏ పొగ నిబంధనా తేలేదు. ఒక చిన్న దీపం పోతే మొత్తం లైటు సెట్టే కొనాల్సిరావడం ఏ భద్రతా నిబంధనా కోరలేదు. ఇంజిన్ మీద నల్ల ప్లాస్టిక్ మూత వేసి "ఇది నీకు సంబంధించింది కాదు" అన్నట్టు దాచడం యజమాని మేలు కోసం కాదు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, మరమ్మతు సమాచారమూ, పరికరాలూ బయటి మెకానిక్కులకి అందకుండా చేశారన్నది అభియోగం. ఆ మీదట అప్పీళ్ళు నడిచాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' మీద కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాలూ, ఫోన్లతో పాటు వాహనాలనీ చేర్చింది. మన వస్తువు మనం బాగుచేసుకోవడానికి హక్కు కోసం కమిటీ కావలసివచ్చింది, కాలం ఎటు పోయిందో చూడండి. స్టెప్నీ సంగతి కూడా అంతే. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో నిబంధన మార్చారు. మేకు దిగితే ఆ కిట్టు సరిపోతుంది. గుంతలో పడి టైరు పక్క గోడ చిరిగితే ఏ కిట్టూ అక్కరకు రాదు. అర్ధరాత్రి పిల్లా పాపలతో హైవే మీద నిలబడేది నిబంధన రాసినవాళ్ళు కాదు.

కంపెనీల తప్పు కంపెనీలది, మన తప్పు మనది. అమెరికాలో మెకానిక్ కూలీ చూసి భయపడి, ఇంటి గ్యారేజీలో తామే ఆయిలూ బ్రేకు ప్యాడ్లూ మార్చుకునే తెలుగు పిల్లలు ఎంతమందో ఉన్నారు. కాబట్టి చేతకానితనం మన రక్తంలో లేదు. అక్కడ అవసరం నేర్పింది, ఇక్కడ సుఖం మరిపించింది. మా తాత ఎడ్లబండి ఇరుసుకి కందెన తనే పెట్టుకునేవాడు. ఆయనకి అది చిన్నతనం అనిపించలేదు. ఇప్పటివాళ్ళకి చేతికి మసి అంటడం నామోషీ. దసరాకి ఆయుధపూజలో పానాలు, జాకీ, గ్రీజు గన్ను కడిగి పసుపు కుంకుమ పెట్టి బండి ముందు వరసగా పేర్చేవాళ్ళం. ఇప్పుడు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ముగిస్తున్నారు. పూజ చేయడానికి పనిముట్టు ఇంట్లో ఉంటేగా!

ఇవాళ్టి కారులో కూడా ఇంటి దగ్గర చేసుకోదగ్గ పని బోలెడుంది. ఎయిర్ ఫిల్టరు చాలా బండ్లకి నాలుగు క్లిప్పుల పని. ఏసీ గాలి ఫిల్టరు చాలా వాటికి గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. వైపర్లు, ఫ్యూజులు, బ్యాటరీ టెర్మినళ్ళు, టైర్ల గాలి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడడం, చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ చూడడం. వీటికి ఏ డిగ్రీ అక్కర్లేదు. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే స్టీరింగ్ కింది పోర్టుకి తగిలించే చిన్న స్కానర్ ఫోనులోనే తప్పు నంబరు చూపిస్తుంది. ఆ నంబరు తెలుసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళండి, మాట తీరే మారుతుంది. ముట్టుకోకూడనివీ తెలుసుకోండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు వైర్ల జోలికి పోవద్దు. వేడి రేడియేటర్ మూత తిప్పవద్దు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎప్పుడూ దూరవద్దు. తీసిన ఆయిలు కాలవలో పోయవద్దు.

అమ్మల్లారా, అయ్యల్లారా, ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఆదివారం మీ అబ్బాయినీ అమ్మాయినీ కారు దగ్గరికి పిలవండి. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టించండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయించి, తర్వాతే జాకీ ఎత్తించండి. స్టెప్నీ బిగించి దించాక నట్లు ఎదురెదురుగా గట్టి చేయించండి. మీ బండికి స్టెప్నీ లేకపోతే విప్పిన చక్రాన్నే మళ్ళీ బిగించమనండి. లైసెన్సు చేతికొచ్చే ముందు ప్రతి ఇంట్లో ఈ పాఠం అయిపోవాలి. ఒక మంచి పానాల సెట్టు, ఒక టైరు గేజి ఈ నెల్లోనే కొనండి. మీరు కట్టే ఒక్క సర్వీసు బిల్లుకన్నా అవి చవక.