మా ఊళ్ళో లేనిదా!

ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో గైడు పిల్ల చూపిస్తోంది. నడుముకి తగిలించుకున్న డబ్బా తీసి, మీట ఎలా నొక్కాలో, గాలి ఎటు వీస్తోందో ముందే ఎందుకు చూసుకోవాలో ఓపిగ్గా చెప్పింది. ఎనిమిది మందిమి చుట్టూ నిలబడి వింటున్నాం. ఏడుగురం ఎలుగుబంటిని తలుచుకుంటున్నాం. ఎనిమిదో మనిషి మా మామ. మంకీ క్యాపు పైకి నెట్టి, డబ్బా మీది సన్నక్షరాలు చదువుతున్నాడు.

"కారమే కదరా ఇది" అన్నాడు నాతో. ఆ పిల్ల వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఏ మిరప మేడమ్? సంబానా, గుండా?" అని అడిగాడు.

మామ తప్పు చదవలేదు. ఆ డబ్బాలో ఉండేది మిరపకాయ ఘాటే, ఒకటి నుంచి రెండు శాతం. అంతమాత్రానికే అమెరికా ఎలుగుబంట్లు తోక ముడుస్తాయట. కానీ మేం నిలబడ్డ ఈ ఎల్లోస్టోన్ పార్కు పుట్టింది 1872లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా అక్కడ ఏ రకం మిరపని ఎవరూ అడిగి ఉండరు. గైడు పిల్ల నా వైపు చూసింది. ఆ రోజు ఆమె నా వైపు అలా చూడటం అదే మొదలు. పదకొండోసారి తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను.

మామ ముప్పై ఏళ్ళు తమిళనాట విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో కణక్కుపిళ్ళగా లెక్కలు రాశాడు. కాపురం కోవిల్‌పట్టిలో. పొద్దున రైల్లో పోవడం, రాత్రి రైల్లో రావడం. ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే అత్తకి తుమ్ములు. ఆ తుమ్ము విని ఆ రోజు ఏ ఊరి సరుకు దిగిందో చెప్పేయొచ్చని మా ఇంట్లో ఒక కథ ఉంది. ఆ కథకి సాక్షి మామ ఒక్కడే.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉంటాడు. కాశీకి పోయి ఇడ్లీ కోసం వెతికేవాడు కాదు నేను చెప్పేది. వాడు పాపం ఆకలి మనిషి. ఈయన ఏ ఊరికి పోతే ఆ ఊరి తిండి తృప్తిగా తింటాడు, చూడాల్సినవన్నీ చూస్తాడు, ఫొటోకి నవ్వుతాడు. అంతా అయ్యాక మూతి తుడుచుకుని, "బాగుండాది. అయితే మా ఊళ్ళో..." అని మొదలుపెడతాడు. ఆ 'అయితే' తర్వాత తాజ్‌మహల్ అయినా సరే, కోవిల్‌పట్టి బస్టాండు పక్కన చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఆయన కూతురు, అంటే మా మరదలు, సియాటిల్‌లో ఉద్యోగం. నేనూ అక్కడే. ఆ పిల్లకి సెలవు దొరకలేదు. మేనమామని తిప్పి చూపించడం మేనల్లుడి బాధ్యత అని అత్త తేల్చేసింది. గైడుతో, చిన్న గుంపుగా, రోజంతా నడక. టికెట్లు తీసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మొదట ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. వేడినీళ్ళు భూమిలోంచి ఎగజిమ్మే బుగ్గ. సుమారు గంటన్నరకోసారి లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో బోర్డు మీద రాసి, పది నిమిషాలు అటూ ఇటూ కావచ్చంటారు. "మా నెల్లై ఎక్స్‌ప్రెస్సే మేలు, వచ్చే ముందు కూతేస్తుంది" అన్నాడు మామ. అది లేచింది. నూరడుగులు దాటి తెల్లటి స్తంభంలా పైకి పోయింది. జనమంతా ఒక్కసారిగా 'ఓ' అన్నారు. మామ తల ఊపి, "శివకాశి చిచ్చుబుడ్డి" అన్నాడు. ఒక క్షణం ఆగి, న్యాయంగా ఉండాలి కదా అని, "తడి చిచ్చుబుడ్డి" అని సవరించుకున్నాడు.

అడుగున మండే రాతివేడి, పైనుంచి దిగిన నీరు, మధ్యలో ఇరుకు గొట్టం లాంటి దారి. పైనీళ్ళ బరువుకి కిందినీళ్ళు మరిగే వేడి దాటినా మరగలేక అణిగి ఉంటాయి, కాస్త సందు దొరకగానే ఒక్కసారిగా ఆవిరై పైకి తన్నుతాయి. గైడు ఇదంతా చేతులు తిప్పుతూ చెప్పింది. "ప్రెజర్ కుక్కర్, వితౌట్ వెయిట్" అన్నాడు మామ. "అంతే, సరిగ్గా అంతే!" అంది ఆ పిల్ల. పాపం, మంచి మనసుతోనే అంది. ఆ రోజు మా చేయి దాటిపోయింది అక్కడే. ఆ మెప్పుతో మామకి ఉపగైడు పదవి వచ్చింది. మా గుంపులో ఒహాయో ముసలి దంపతులు ఉన్నారు. ఇంకో అరగంటకల్లా వాళ్ళు సందేహాలన్నీ మామనే అడగడం మొదలుపెట్టారు. మామ వాళ్ళకి చెరో కడలై మిఠాయి ముక్క ఇచ్చి, ఇది మా ఊరి పల్లీపట్టీ అనీ, 2020లో దీనికి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చిందనీ చెప్పాడు. ఎలుగులు తిరిగే చోట తినేవి బయటికి తీయకూడదని గైడు గుర్తుచేసింది. "వాటికి పళ్ళు అంటుకుపోతాయిలే" అన్నాడు.

అత్త తక్కువ మనిషి కాదు. ఇంత ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయని విన్న వెంటనే, "అయితే కందిపప్పు ఉడకదు" అని ఈ దేశం మీద తీర్పు చెప్పేసింది. ఆ తర్వాత, ఈ వేడినీళ్ళలో ఎవరూ బట్టలుతకలేదా అని నా చేత అడిగించింది. నేను సిగ్గుపడుతూ అడిగాను. గైడు ముఖం వెలిగిపోయింది. ఉతికారట! 1882లో సైనికులు ఆ బుగ్గ నోట్లో బట్టలు కుక్కారట. అది లేచినప్పుడు నూలుబట్టలు శుభ్రంగా ఉతికి బయటికి వచ్చాయి, ఉన్నిబట్టలు పీలికలయ్యాయి.

"నా వేష్టి నూలే" అన్నాడు మామ ఆశగా.

"స్వెట్టరు మాత్రం వేయకండి, నేను అల్లింది" అంది అత్త.

నేను నవ్వుతున్నాను గానీ, మామ నవ్వు ఆగిపోయింది. బుగ్గ చుట్టూ తెల్లరాతి మీదుగా నీళ్ళు సన్నగా పారిపోతున్నాయి. ఒక్కసారి లేస్తే ఎన్ని నీళ్ళు పోతాయని అడిగాడు. పద్నాలుగు వేల లీటర్ల నుంచి ముప్పై రెండు వేల దాకా అంది గైడు. మామ పెదవులు కదిలాయి. మండీ లెక్క. "రోజుకి పదహారుసార్లనుకో. తక్కువలో తక్కువ రెండు లక్షల ఇరవై నాలుగు వేలు" అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఊరికేనా?" అన్నాడు.

కోవిల్‌పట్టి నేల కరిసల్ నేల. మన నల్లరేగడే. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. నా చిన్నప్పుడు కుళాయి దగ్గర బిందెల వరసలో మనిషి బదులు ఇటుక పెట్టి పోయేవాళ్ళు, ఇటుకకి కూడా వంతు ఉండేది. మామ మండీ నుంచి వచ్చాక, రాత్రి పదకొండుకి, ఆ ఇటుక తీసి తను నిలబడేవాడు. ఆ మనిషి ముందు 1872 నుంచి కంచె కట్టి కాపాడుతూ ఇన్ని నీళ్ళు గాల్లోకి పారబోస్తున్నారు. ఆ నీళ్ళకి మాత్రం ఆయన 'మా ఊళ్ళో' అనలేదు.

ఇంకో పావుగంటకి మళ్ళీ మామూలు మనిషయ్యాడు. మార్నింగ్ గ్లోరీ అనే కుండం దగ్గర ఆయన చెయ్యి జేబులోకి పోయింది. రైలు కావేరి దాటేటప్పుడు రూపాయి విసిరే చెయ్యి అది. నేను పట్టుకునేలోపే గైడు కథ అందుకుంది: ఈ కుండం ఒకప్పుడు పూర్తిగా నీలంగా ఉండేది, వచ్చినవాళ్ళంతా చిల్లర, చెత్త వేసి వేసి అడుగున నీటి దారులు మూసేశారు, వేడి తగ్గి అంచుల్లో పసుపు పాకింది, 1950లో శుభ్రం చేస్తే చిల్లర, సీసాలు, చేతిరుమాళ్ళు గుట్టగా బయటపడ్డాయి. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మన కోనేర్ల గతే" అన్నాడు.

ఇక గ్రాండ్ ప్రిస్మాటిక్. కొండవాలు మీది నుంచి చూడాలి. నూట పది మీటర్ల వెడల్పు, నడుమ నీలం, చుట్టూ పచ్చ, పసుపు, నారింజ. ఆ రంగులు వేడినీళ్ళలో బతికే సూక్ష్మజీవులవి. ఇక్కడి బుగ్గల్లోనే 1966లో దొరికిన ఒక జీవి నుంచి తీసిన ఎంజైము వల్ల పీసీఆర్ పరీక్షలు సాధ్యమయ్యాయని గైడు చెప్పింది. "కరోనాలో నా ముక్కులో పుల్ల పెట్టింది దీనికోసమా!" అని మామ ముక్కు తడుముకున్నాడు. తర్వాత చాలాసేపు ఆ రంగుల్ని కళ్ళు చికిలించి చూసి, "శివకాశి క్యాలెండరు అచ్చే. పసుపు కొంచెం ఎక్కువ పడింది" అని తేల్చాడు.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. మొన్న ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసి భోజనాలు పెట్టుకున్నప్పుడు ఎవరో పరోటా పెట్టారు. నేను నోరు ఊరుకోక, పరోటా అంటే విరుదునగర్‌లో నూనెలో వేయించి, సాల్నా పోసి పెట్టేదీ అన్నాను. "మీరు తమిళులా?" అని పక్కాయన అడిగాడు. అయిపోయింది. విజయనగర కాలం దగ్గర ఎత్తుకున్నాను. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్ అనే ఊరు, ఆ ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, మావాళ్ళు కరిసల్ నేలకి ఎలా వచ్చి పడ్డారో చెప్పిన ఆయన 'గోపల్ల గ్రామం', 1991లో ఆయనకి వచ్చిన సాహిత్య అకాడమీ బహుమతి... పక్కాయన కళ్ళు పెరుగన్నం వైపు తిరిగి చాలాసేపయిందని తర్వాత మా ఆవిడ చెప్పింది. నలభై నిమిషాలట. నా తెలుగు చదువు కూడా హైదరాబాదు బస్సుల బోర్డుల మీద నేర్చుకున్నదే. మామకి అదీ రాదు, ఉత్తరం తెలుగులో ఆలోచించి తమిళంలో రాస్తాడు. పరాయి చోట నిలబడి మా ఊరు, మా ఊరు అనడం మా ఇంట్లో కాస్త పాత జబ్బు.

మామ జబ్బు మాత్రం ఇండియాకి తిరిగొచ్చాక తిరగబడింది. పోయిన డిసెంబరులో నేను కోవిల్‌పట్టి వెళ్ళేసరికి, కాఫీ గ్లాసు కింద పెట్టి, "మా ఎల్లోస్టోన్‌లో అయితే..." అన్నాడు. నేను అత్త వైపు చూశాను. "ఆరునెలలుగా ఇదే" అంది అత్త.

మరునాడు మా పిల్లల్నీ, మరదలి పిల్లల్నీ కూడగట్టి కళుగుమలైకి ప్రయాణం కట్టాడు. ఇరవై కిలోమీటర్లుంటుంది. చిన్న గుంపు, గైడు ఆయనే. కొండ కింద అందర్నీ గుండ్రంగా నిలబెట్టి రూల్సు చెప్పాడు: మెట్లు వదిలి పక్కకి పోకూడదు, రాళ్ళు విసరకూడదు, జంతువులకి ఇరవై అయిదు గజాల దూరం. కోతులకి ఈ రూలు ఎవరూ చెప్పలేదు. మూడో మలుపులో ఒకటి వచ్చి మామ చేతిలోంచి కడలై మిఠాయి పొట్లం లాక్కుని చెట్టెక్కింది. "స్ప్రే తెచ్చి ఉండాల్సింది" అన్నాడు మామ, కోతి వైపు చూస్తూ.

పైన వెట్టువాన్ కోవిల్. ఒకే రాతి కొండని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, సగంలో వదిలేసిన గుడి. ఎనిమిదో శతాబ్దపు పాండ్యుల పని. శిఖరం మీద బొమ్మలన్నీ నవ్వుతున్నట్టే ఉంటాయి, కింద మొండి రాయి. పిల్లలు కూడా మాట్లాడకుండా చూశారు. మామ మాత్రం కాపలా మనిషిని పిలిచి, ఇక్కడ చెక్క వంతెన దారి ఎందుకు వేయలేదు, బోర్డు ఎందుకు పెట్టలేదు, మా ఎల్లోస్టోన్‌లో అడుగడుక్కీ బోర్డే అని తమిళంలో అరగంట చెప్పాడు. ఆ ముసలాయన బీడీ ఆర్పి, అంతా విన్నాడు.

"ఆ ఊరు ఎక్కడ సార్? మదురై పక్కనా?"

మామ కొంచెం ఆలోచించాడు.

"దాటి పోవాల" అన్నాడు.