చదివింపుల పుస్తకమునకు టీకా తాత్పర్యము

మూలము: మేనత్తగారు, 116, స్టీలు బిందె. పేరు చెప్పలేదు, 50.

టీక: మేనత్తగారు = వరుని తండ్రికి తోబుట్టువు, తన కూతురి పెళ్లిలో ఈ ఇంటివారు ఏమి చదివించిరో మరువనిది; 116 = సరిగా అంతే, తగ్గినచో పరువు పోవును, పెరిగినచో ఎదుటివారి నెత్తిన పడును; స్టీలు బిందె = అంచున పేరు కొట్టించినది, కనుక మరియొక పెళ్లికి తోసివేయ వీలులేనిది.

తాత్పర్యము: ప్రేమగా మైకులో చదివి, అప్పుగా పుస్తకమున రాసికొనుట చదివింపు. ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట, ఈ మూడును తప్పరానివని 1925లో మార్సెల్ మోస్ అను ఫ్రెంచి పండితుడు ఒక గ్రంథము రాసెను. మేనత్తగారు దానిని చదువలేదు, అవసరము పడలేదు.

ఇదంతయు స్వార్థమే గదా అని శిష్యుని ప్రశ్న. అగుగాక, దోషమేమి? తిరిగి వచ్చునను నమ్మకముతో పదిమంది చదివించుటచేతనే చేతిలో చిల్లిగవ్వ లేనివాని ఇంటను బాజాలు మోగుచున్నవి. వట్టి ప్రేమలు చూపినచో షామియానావాడు ఊరుకొనడు.

"పేరు చెప్పలేదు" వద్ద మాత్రము వ్యాఖ్యాతలకు చెమటలు పట్టును. తిరిగి రాని 50 ఎవడిచ్చును? స్వార్థవాదులు ఇచట 17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త హాబ్సును సాక్ష్యమునకు పిలుతురు. ఆయన లండను వీధిలో ఒక ముసలి బిచ్చగానికి ఆరు పెన్నీలిచ్చి, వాని అవస్థ చూచి నాకు కలిగిన బాధను తీర్చుకొంటిననెనట. ఈ మాటను ఆయన మిత్రుడు జాన్ ఆబ్రీ రాసిపెట్టెను. బాగున్నది. కాని ఎదుటివాని ఆకలికి తన ప్రాణము కొట్టుకొనువాడును స్వార్థపరుడే అయినచో, కానివాడెవడు? అన్ని తాళములకు పట్టు చెవి దొంగ వద్దనే ఉండును.

భోజనము ఖరీదు కట్టిపోయెనని కొందరు. ఇది గ్రాహ్యము కాదు. బూరెలు, పులిహోర, గుత్తివంకాయ, గడ్డపెరుగు 50కి ఎచట వచ్చును?

ఇల్లాలు ఈ వాదములేవియు వినలేదు. ఆ 50 ఎవరిదో తేలక, నాటినుండి శుభలేఖ వచ్చిన ప్రతి ఇంటను ఒక 50 ఎక్కువ చదివించుచున్నది.