మర్యాదగా ఖాళీ చేయించడం ఎలా?

అద్దెకున్నవాళ్లు వెళ్లిపోవాలి, మనం వెళ్లగొట్టామని మాత్రం ఎవరూ అనుకోకూడదు. హైదరాబాద్‌లో ఈ రెండూ కోరుకునే ఓనర్ల కోసం ఈ సలహాలు. అంటే దాదాపు అందరు ఓనర్ల కోసమూ. పైవాటా అద్దెకిచ్చిన దగ్గర్నుంచి నా కోసమూ.

ముందుగా ఒక కొడుకును సిద్ధం చేసుకోండి. డల్లాస్‌లో ఉంటే శ్రేష్ఠం, బెంగళూరైనా పరవాలేదు. "ఏమీ అనుకోకండమ్మా, మావాడు వచ్చేస్తున్నాడు" అంటే చాలు. కూతురి పెళ్లి అనొచ్చు గానీ, శుభలేఖ అడుగుతారు. ఈ కొడుకు ఊరికే పుట్టలేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద ఖాళీ చేయించాలంటే కారణం చూపాలి: అద్దె ఎగ్గొట్టారనో, మరొకరికి మారు అద్దెకిచ్చారనో, ఇల్లు పాడుచేశారనో, లేదా ఇల్లు నిజంగా మనకే అవసరమైందనో. ఒకటో తారీఖుకల్లా అద్దె కట్టే బుద్ధిమంతుడి మీద మొదటి మూడూ పారవు. కొడుకే దిక్కు.

తమాషా ఏమిటంటే, ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన సవరణతో నగరంలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం పరిధిలోకే రావు. ఆ డబ్బుకు ఇవాళ వాటా కాదు కదా, మంచి గది కూడా దొరకదు. అగ్రిమెంటు గడువు తీరి నెలనెలా సాగే అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు, కారణం రాయనక్కర్లేదు. అయినా మనం కొడుకును వదల్లేదు. "పక్కింట్లో నాలుగు వేలు ఎక్కువిస్తున్నారు" అని మొహం మీద చెప్పడానికి నోరు రాదు మరి.

నీళ్లు ఆపకండి, అది తప్పు. మోటారు వేయడం మరిచిపోవడం వేరు.

ఎప్పుడు వెళ్తారని అడగొద్దు. "ఇల్లు దొరికిందా?" అని ఆప్యాయంగా పలకరించండి. రోజూ.

వాళ్లూ తక్కువవాళ్లు కారు. "పిల్లల పరీక్షలు అవనివ్వండి అంకుల్" అంటారు. ఆ పరీక్షలు మనం నమ్ముతాం, మన కొడుకును వాళ్లు నమ్ముతారు. నిజానికి ఎవరూ నమ్మరు. నేను అద్దెకున్న రోజుల్లో ఇలాంటి ఒక కొడుకు కోసం ఇల్లు ఖాళీ చేశాను, అతను ఇప్పటికీ దిగలేదు. అప్పట్లో ఆ అబద్ధానికి మండిపోయాను గానీ, ఉన్నమాట చెప్పి పొమ్మని ఉంటే ఇంకా ఎక్కువ బాధపడేవాణ్ణేమో.

అడ్వాన్సులోంచి రంగులకని ఒక నెల అద్దె పట్టుకోండి. రంగులు వేయించాలన్న నియమమేమీ లేదు.

సామాను లారీ సందు మలుపు తిరిగేదాకా గేటుకు టు-లెట్ బోర్డు కట్టకండి. చాలామంది ఇక్కడే తొందరపడి దొరికిపోతారు.