అర్థమయ్యేలా రాయడానికి ఏమడ్డం?

మా రోజుల్లో సర్కారు మాట ఊళ్లోకి డప్పు మీద వచ్చేది. జమాబందీ దగ్గరపడిందంటే తలారి చావడి దగ్గర మొదలుపెట్టి ప్రతి వీధి మొగలోనూ ఆగి చాటింపు వేసేవాడు. ఫలానా రోజు తాసీల్దారుగారు వస్తున్నారు, శిస్తు బకాయిలున్నవాళ్లూ పట్టా తగాదాలున్నవాళ్లూ పొద్దున్నే చావడికి రావాలి. అంతే. ఎవరొస్తున్నారు, ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి, అన్నీ ఒక్క ఊపిరిలో తేలిపోయేవి. అక్షరమ్ముక్క రానివాళ్లకీ అర్థమయ్యేది. అర్థం కాకపోతే డప్పు ఆపించి మళ్లీ చెప్పించుకునేవాళ్లు.

ఇప్పుడు ఊళ్లో ఇంటింటా చదువుకున్న పిల్లలున్నారు, చేతికో ఫోనుంది, ఊరికో సచివాలయముంది. అయినా సర్కారు పంపిన కాగితం ఏం చెబుతోందో తెలుసుకోవాలంటే ఇంకొకరి గడప తొక్కాల్సిందే. నేను రిటైరైన బడిపంతుల్ని కాబట్టి మా వీధిలో చాలామంది నా దగ్గరికే తెస్తారు. మొన్న ఒక పెద్దావిడ నోటీసు పట్టుకొచ్చింది. రుణమాఫీ కాగితమేమో అనుకుని దేవుడి పటం వెనక దాచిందట. చేతికొచ్చి అప్పటికే పది రోజులు దాటింది.

ఆ నోటీసు ధోరణి ఇలా ఉంది: పై విషయమునకు సంబంధించి సూచికలు 1 నుండి 4 వరకు పరిశీలించిన మీదట, సదరు భూమిపై హక్కుల మార్పిడి నిమిత్తము దాఖలు చేయబడిన దరఖాస్తుపై ఏవేని ఆక్షేపణలు ఉన్న యెడల, ఈ నోటీసు అందిన 15 దినములలోగా తగు ఆధారములతో లిఖితపూర్వకముగా సమర్పించవలెననియు, లేనియెడల ఆక్షేపణలు లేనట్లుగా భావించి తదుపరి చర్యలు గైకొనబడుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

"పొలం ఉందా, పోయిందా మాస్టారూ?" అని అడిగిందావిడ. ఆమెకు కావలసింది ఆ ఒక్క ముక్కే. కాగితం మొత్తంలో అదొక్కటే లేదు.

నేను చెప్పిందిదీ: "మీ మరిది కొడుకు మీ పొలం తన పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకున్నాడమ్మా. మీకు ఇష్టం లేకపోతే ఈ శుక్రవారంలోపు పాసుపుస్తకం తీసుకుని ఆఫీసుకెళ్లి, ఒప్పుకోనని కాగితం రాసివ్వాలి. వెళ్లకపోతే మారుస్తారు." ఈ మూడు మాటలు ఆ ఆఫీసులో ఎవరికి రావు? నోటీసు టైపు చేసిన కుర్రాడు ఇంటికెళ్లి వాళ్లమ్మతో ఇలాగే మాట్లాడతాడు. ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి ఆ తెలుగు ఎక్కడికి పోతోంది?

అడిగితే ఒకటే జవాబు, అది చట్టం భాష అంటారు. ఒప్పుకోను. పోరంబోకు, అడంగల్, ఫసలీ, పహాణీ, దఖలు, ఇవన్నీ పాత రెవెన్యూ మాటలే. పరాయి భాషల నుంచి వచ్చినవీ ఉన్నాయి. కానీ ఇవేవీ రైతుకు అడ్డం కాలేదు, ఆఫీసరు కంటే రైతుకే బాగా తెలుసు. వాటిని మార్చమని నేనడగడం లేదు. అడ్డమంతా వాక్యంలో ఉంది. పేజీ పొడుగునా సాగే ఆ వాక్యంలో చేసేవాడు కనపడడు. చర్యలు గైకొనబడును, ఉత్తర్వులు జారీ చేయబడును. ఎవరు గైకొంటారు? ఎవరు జారీ చేస్తారు? నష్టపోయినవాడు ఎవరి దగ్గరికెళ్లి మొరపెట్టుకోవాలి? సెక్షన్ నంబర్లూ సూచికలూ కావాలంటే కాగితం అడుగున వేసుకోమనండి. రైతు ఏం చెయ్యాలి, ఏ తేదీలోగా చెయ్యాలి అన్నది మొదటి రెండు వరసల్లో ఉండాలి.

పాతరోజులన్నీ బంగారమని అనను. కరణాల గొలుసుకట్టు రాతను మరో కరణం తప్ప ఎవరూ చదవలేకపోయేవారు. ఆ రాత చాటున చాలామంది పొలాలు చేతులు మారాయి. 1984లో కరణం, మునసబు పదవులు ఎత్తేశారు, మరుసటి ఏడు మండలాలొచ్చాయి. పరిపాలన గడప ముందుకొచ్చిందని మేమంతా సంతోషించాం. ఆఫీసు దగ్గరైంది గానీ అందులోంచి వచ్చే కాగితం దగ్గర కాలేదు.

అదే సర్కారు నడిపిన రేడియో చూడండి. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే పనిమానుకుని వినేవాళ్లం. జనానికి పనికొచ్చే కబురు అందులో ఇంట్లో మనిషి చెప్పినట్టు చెప్పేవారు. ఏ ఎరువు ఎప్పుడు వెయ్యాలో, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో మా నాన్న రేడియోలోనే నేర్చుకున్నాడు. చెప్పాలనే మనసుంటే సర్కారుకు మంచి తెలుగు వచ్చుననడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని జీవితమంతా పోరాడారు. నార్ల వెంకటేశ్వరరావుగారి లాంటి సంపాదకులు పత్రికల భాషను మార్చి చూపించారు. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. మారనిది ఆఫీసు కాగితమొక్కటే. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడితే వావిలాల గోపాలకృష్ణయ్యగారు తొలి అధ్యక్షులయ్యారు. ఇన్ని దశాబ్దాలైనా జీవోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నాయి. తెలుగులో వచ్చినవి కూడా ఇంగ్లీషు వాక్యానికి తెలుగు అక్షరాలు తొడిగినట్టుంటాయి. ఏటా ఆగస్టు 29న గిడుగువారి పటానికి దండ వేసే ఆఫీసులు ఆయన అడిగిన పని మటుకు చెయ్యవు. నాకు కడుపు మండేది అందుకే.

హైకోర్టుల్లో ఇంగ్లీషే నడవాలని రాజ్యాంగం 348వ అధికరణలో ఉంది. అయినా 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పునిచ్చింది. ఆస్తి కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగినవాడు తన తీర్పు తానే చదువుకోగలగడం చిన్న సంగతి కాదు. హైకోర్టు చెయ్యగలిగినది మండలాఫీసు ఎందుకు చెయ్యలేదు? అమెరికాలో సర్కారు కాగితాలు జనానికి అర్థమయ్యేలా రాయాలని 2010లో చట్టమే చేశారు. మనకు కొత్త చట్టం దాకా అక్కర్లేదు. ఒక్క సర్క్యులర్ చాలు.

నోటీసు మీద సంతకం పెట్టే అధికారులకు నేను చెప్పేదొకటే. సంతకానికి ముందు ఆ కాగితాన్ని ఆఫీసు వరండాలో కూర్చున్న ఒక రైతుకు చదివి వినిపించండి. ఏం చెయ్యాలో ఆయన తిరిగి చెప్పగలిగితే సంతకం పెట్టండి, లేకపోతే మళ్లీ రాయించండి.

చదువరులకూ ఒక మాట. అర్థంకాని కాగితాన్ని పటం వెనక పెట్టకండి, దాని మీదున్న తేదీ చూడండి, కాగితం అందిన రోజే ఆఫీసుకెళ్లి నోటితో చెప్పమని అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 2005లో వచ్చిన ఆ చట్టం ప్రకారం అర్జీ తెలుగులో రాసుకోవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా నోటీసు గడువు మాత్రం దాటనివ్వకండి. అభ్యంతరం రాసిచ్చి, అందినట్టు రసీదు తీసుకుని మరీ ఇంటికి రండి.