చమురువారి పర్యావరణ సేవ

భూగోళం వేడెక్కుతోందని ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ సంగతి చూసుకోవడానికి ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు ‘కాప్’ ఉంది. మొదటిది 1995లో బెర్లిన్‌లో జరిగింది, 30వది 2025లో బ్రెజిల్‌లోని బెలేంలో. ఈ మధ్యలో బొగ్గు, చమురు, గ్యాసు మండించగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఒకటిన్నర రెట్లు దాటింది. సదస్సులే లేకపోతే ఇంకెంత పెరిగేదో అని సరిపెట్టుకోవాలి.

పెద్దరికం ఎవరికివ్వాలో వీళ్లకు బాగా తెలుసు. 2023 దుబాయ్ సదస్సుకు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబర్. ఆయన అసలు కొలువు అబుదాబి జాతీయ చమురు కంపెనీ అధిపతిగా. మరుసటేడు సదస్సు అజర్‌బైజాన్ రాజధాని బాకూలో. ఆ దేశ ఎగుమతుల్లో దాదాపు 90 శాతం చమురు, గ్యాసే. ఆ రెండూ దేవుడిచ్చిన వరాలని దేశాధ్యక్షుడు అలియేవ్ సదస్సు మొదట్లోనే సెలవిచ్చారు. దేవుడిచ్చినదాన్ని మానెయ్యమనడానికి మనమెవరం?

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఈ తెలివి లేకపోయింది. 1992లో చేటలు, చీపుర్లు పట్టుకుని సారా దుకాణాల మీదికి వెళ్లారేగానీ, ఉద్యమానికి అధ్యక్షత వహించండంటూ సారా కాంట్రాక్టరు మెళ్లో దండ వెయ్యలేదు. అందుకే మరుసటేడే రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిపడింది. కాప్ పద్ధతి పాటించి ఉంటే, కాంట్రాక్టరు కూడా సంతకం పెట్టేదాకా ఆగేవాళ్లు. కాప్‌లో రివాజు అదే మరి. దాదాపు 200 దేశాల్లో ఏ ఒక్కటి గట్టిగా అడ్డం తిరిగినా తీర్మానం కదలదు. మనమూ తక్కువ తినలేదు. 2021లో గ్లాస్గోలో, బొగ్గు కరెంటును క్రమంగా ఆపేద్దామన్న వాక్యాన్ని చివరి గడియలో ‘తగ్గిద్దాం’ అని మార్పించింది మన దేశమే.

ఇక డబ్బు సంగతి. పేద దేశాలకు 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగన్‌లో మాటిచ్చారు. అది నెరవేరింది 2022లో. బాకూలో ఆ దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 30,000 కోట్లకు బేరం తెగ్గొట్టారు. అదీ 2035 నాటికి. భారత్ అభ్యంతరం చెప్పబోయేలోపే సదస్సు అధ్యక్షుడి సుత్తి బల్లమీద పడింది. తర్వాత ఎంత మొత్తుకున్నా మినిట్స్ బుక్కు నింపుకోవడానికే.

బెలేం ముచ్చట మరీ ముచ్చటైనది. అమెజాన్ నది కడలిలో కలిసే దిక్కున చమురు కోసం తవ్వుకోవచ్చని బ్రెజిల్ తన కంపెనీకి 2025 అక్టోబరులో అనుమతిచ్చింది. నవంబరులో అదే అమెజాన్ వాకిట్లో ప్రపంచాన్ని పిలిచి విస్తరి వేసింది. శిలాజ ఇంధనాలకు స్వస్తి చెప్పే దారి చూపండని 80కి పైగా దేశాలు అడిగాయి. తుది తీర్మానంలో ఆ ఇంధనాల ఊసే లేదు. ఆసుపత్రి చీటీలో రోగం పేరు రాయకుంటే రోగం తగ్గినట్టే కదా!

కాంట్రాక్టర్లను సభకు రానివ్వండి, అభ్యంతరం లేదు. కుర్చీ మాత్రం ఇవ్వకండి. మెజారిటీ ఓటుతో తేల్చండి. మునిగిపోతున్న చిన్న దీవుల దేశాలకు ముందుగా మాట్లాడే అవకాశం ఇవ్వండి. వినేవాళ్లెవరు? 2026 సదస్సు తుర్కియేలోని అంటాల్యాలో. చర్చల సారథ్యం ఆస్ట్రేలియాకు అప్పగించారు. బొగ్గు ఎగుమతిలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉన్న దేశం అది. అర్హతలు చూసే ఎంచుకున్నారు.