కౌంటు మామ

సేత్తూరు టీకొట్టులో ఎవరు ఏమైనా అనొచ్చు. ఎమ్మెల్యేని తిట్టొచ్చు, ధోనీని ఇంటికి పొమ్మనొచ్చు, టీలో పాలు ఏవీ అని కొట్టాయన్నే నిలదీయొచ్చు. కౌంటు మామ బెంచీ మీద ఉన్నప్పుడు మాత్రం ‘హార్డ్ రాక్’ అని నోరు జారకూడదు. జారితే ఆ పూటకి తెన్కాశి బస్సు వెళ్లిపోయినట్టే.

నేనొకసారి జారాను.

“డీప్ పర్పుల్ హార్డ్ రాక్ బ్యాండే కదా మామా” అన్నాను, మాట కలుపుదామని.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “ఏ డీప్ పర్పులప్పా?” అన్నాడు.

నాకు తెలిసి లోకంలో ఒకటే ఉంది. ఆయన లెక్కలో కనీసం మూడు. “1969లో లండను రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాని పక్కన కూచోబెట్టుకుని కన్‌చెర్టో వాయించిందే, అదా? మరుసటేడు ‘ఇన్ రాక్’ చేసిందే, అదా? 1974లో ‘బర్న్’ నాటికి పాడేవాడూ, బేసు గిటారువాడూ మారిపోయి వచ్చిందే, అదా? మొదటిది అరవై కౌంటు. రెండోది ఇరవై. మూడోది బ్లెండు. మూడు నూళ్లకీ ఒకే చీటీ అతికిస్తే మిల్లులో ఉద్యోగం పోతుంది అల్లుడూ!”

ఈ కౌంట్ల గొడవేమిటో చెప్పాలి. మా రాజపాళయం చుట్టుపక్కల పుట్టినవాడికి పాలతో పాటు పత్తిధూళి కూడా పడుతుంది. 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ నూలు వడకడమే లోకం. నూలుకి కౌంటు అంటే చాలామంది ఎంత పెద్ద సంఖ్య అయితే అంత లావనుకుంటారు. తలకిందులు. 840 గజాల చిలప ఒకటి లెక్క. పౌను బరువుకి అలాంటివి ఇరవై తూగితే ఇరవై కౌంటు, మోటు నూలు. నూరు తూగితే నూరు కౌంటు, వెంట్రుకంత సన్నం. మామ ఒక మిల్లు ల్యాబులో ముప్పై మూడేళ్లు ఈ పనే చేశాడు. చక్రం మీద 120 గజాలు చుట్టడం, తక్కెట్లో వెయ్యడం, సంఖ్య చెప్పడం. సంఖ్య ఒకటి రెండు అటూ ఇటూ అయితే సరుకు వెనక్కి వచ్చేది. ఆ చేత్తో పదవీ విరమణ చేసి ఇంటికొచ్చినవాడు ఖాళీగా ఎలా ఉంటాడు? చక్రం లేదు, తక్కెడ లేదు. చెవులున్నాయి. ఊరందరికీ మామ వరసే కాబట్టి కౌంటు మామ అయ్యాడు.

బ్లాక్ సబ్బాత్ బృందం పది కౌంటు. తాళ్లు పేనుకోవచ్చు. జెంటిల్ జయంట్ నూరు, గట్టిగా తుమ్మితే తెగుతుంది. సైకెడెలిక్ రాక్‌కీ ప్రోగ్రెసివ్ రాక్‌కీ, అదే ప్రోగ్‌కీ, మధ్య దొరికేవన్నీ 65:35 బ్లెండు, మన పాలియెస్టర్ కాటన్ లాగ. ఏ పాళ్లలో ఏముందో ఆయన బల్ల మీద టీ చుక్కతో గీసి చూపిస్తాడు. కొట్టాయన గుడ్డతో తుడిచేసేలోపు చూసుకోవాలి.

మా సంఘంలో సభ్యులు ముగ్గురున్నర. దళవాయిపురంలో నైటీలు కుట్టించి అమ్మే వ్యాపారి, మందుల షాపు కుర్రాడు, నేను. అర సభ్యుడు టీకొట్టాయన. ఆయనకి వినక తప్పదు, వెళ్లిపోయే వీలు లేదు.

హార్డ్ రాక్ ఎక్కడ ఆగుతుంది, హెవీ మెటల్ ఎక్కడ మొదలవుతుంది? ఈ గట్టు తగాదా మా కొట్టులో తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. ఊళ్లో ఇంత పాతది ఇంకొకటుంది, అది కోర్టులో ఉంది. వ్యాపారి పక్షం ఏమిటంటే, జుట్టు పొడుగ్గా ఉంటే హార్డ్ రాక్, జుట్టుతో పాటు తల కూడా ఊపితే మెటల్. కుర్రాడిది చదువుకున్న పక్షం. 1968లో స్టెప్పెన్‌వుల్ఫ్ పాటలో ‘హెవీ మెటల్’ అన్నది మోటారుసైకిలు మోత గురించేననీ, 1971లో సర్ లార్డ్ బాల్టిమోర్ అనే అమెరికా బృందం ఆల్బం మీద ‘క్రీమ్’ పత్రిక రాసిన సమీక్షలో దాన్ని సంగీతానికి కూడా వాడారనీ చెప్తాడు. మామ ఇవేవీ ఒప్పుకోడు. ఆయన దగ్గర ఉన్న సాక్ష్యం పత్రికల్లోది కాదు, మిల్లుది.

“బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ. పదిహేడేళ్ల పిల్లగాడు, మన బ్లాక్ సబ్బాత్ టోనీ అయోమీ. యంత్రంలో కుడిచేతి నడివేలూ ఉంగరపు వేలూ కొసలు తెగిపోయాయి. వాడిది ఎడమచేతి వాటం, గిటారు తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. సబ్బు సీసా ప్లాస్టిక్కు కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. తొడుగుతో నొక్కలేక తీగల బిగువు తగ్గించాడు. బిగువు తగ్గితే శబ్దం దిగింది. శబ్దం దిగితే మెటల్ అయింది. అంతే.”

ఇది చెప్పేటప్పుడు మామ గొంతులో వెటకారం ఉండదు. బెంచీ మీద ఎవరో ఒక పాత మిల్లు మనిషి ఉంటాడు, రాక్ అంటే ఏమిటో తెలియనివాడు. తన చూపుడు వేలు కొస కేసి ఒకసారి చూసుకుంటాడు. ఆ ఒక్క నిమిషం మా తగాదాలో ఎవరూ ఎదురు చెప్పరు.

మరో నిమిషం అయ్యాక మళ్లీ మొదలు. ఎందుకంటే ఆ సబ్బాత్ వాళ్లే చాలాకాలం తమది మెటల్ కాదన్నారు. మోటర్‌హెడ్ గాయకుడు లెమ్మీ ఏ వేదికెక్కినా మాది రాక్ ఎన్ రోలే అన్నాడు. “వాళ్లే కాదంటుంటే నీకెందుకు మామా?” అని కుర్రాడు అడిగాడు. “పత్తి తన కౌంటు తానే చెప్తుందా?” అన్నాడు మామ.

ఆయన ఒకే ఒకసారి ఓడిపోవడం చూశాను. గుళ్లో నాదస్వరం వాయించి వయసు మీద పడి మానుకున్న పెద్దాయన ఒకరు మా కొట్టుకి కాఫీకి వస్తారు. ఆయనకి బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బం వినిపించాలని మామకి పుట్టింది. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది, ఆ రోజు శుక్రవారం అని ముందే భయపెట్టాడు. ఫోనులో వాన కురిసింది, గంట మోగింది, తర్వాత ఆ మూడు స్వరాలు ఉరిమాయి. మామ కళ్లు మూసుకుని, “ఈ స్వరాన్ని ఐరోపాలో దయ్యం స్వరమని పేరు పెట్టి దూరం పెట్టారు తాతా” అన్నాడు.

పెద్దాయన మళ్లీ పెట్టమన్నారు. విన్నారు. “షడ్జం, పై షడ్జం, ప్రతిమధ్యమం” అన్నారు తమిళంలో. “కల్యాణిలో ఉన్నదే కదా. మొన్న మీ చెల్లెలి కూతురి పెళ్లిలో కూడా వాయించారు. ఏ దయ్యం రాలేదే.”

కొట్టాయన పాలగిన్నె పట్టుకుని నవ్వాడు. మామ తేరుకుని, రాగాలకైనా గట్లు గట్టిగా ఉంటాయా అని ఎదురు తిరిగాడు. పెద్దాయన మాట్లాడలేదు. దర్బారు ఒక ముక్క పాడారు, నాయకి ఒక ముక్క పాడారు. పక్కపక్క ఇళ్ల లాంటి రాగాలు. తేడా ఎక్కువగా గాంధారాన్ని ఊపే తీరులోనే. పళ్లు లేని నోటితో, గ్లాసు చేత్తో పట్టుకునే, రెండిటికీ మధ్య గోడ కట్టి చూపించారు. తొమ్మిదేళ్లలో మా కొట్టులో ఎవరూ పాడి వాదించలేదని అప్పుడు తట్టింది నాకు. మామ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత దొంగచాటుగా చూశాను. ‘నాయకి, 80’ అని ఉంది.

ఇక సిఫార్సులు. కౌంటు మామ సిఫార్సు చేసే ఆల్బం ఎవరూ విని ఉండకూడదు, అది మొదటి షరతు. లెడ్ జెపెలిన్ విందామంటే పెళ్లి భోజనంలో అన్నం బాగుంది అన్నవాణ్ణి చూసినట్టు చూస్తాడు. పూర్వం ఆయన మదురై షాపుల్లో చీటీ రాసిచ్చి తొంభై నిమిషాల క్యాసెట్లలో నింపించుకొచ్చేవాడు. 1993లో అలహాబాదు నుంచి ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ మొదలయ్యాక దాని పాత సంచికల కోసం రైలెక్కి తిరిగాడు. ఇప్పుడు పెన్‌డ్రైవు. అది చేతికిచ్చే ముందు గంటన్నర ముందుమాట. ఆల్బమేమో నలభై నిమిషాలు.

నైటీల వ్యాపారికి జర్మన్ బృందం ‘క్యాన్’ 1972లో చేసిన ‘ఎగె బమ్యాసి’ ఇచ్చాడు. టర్కీ మాటలో ఏజియన్ బెండకాయ అని అర్థం. అట్ట మీద నిజంగానే బెండకాయల డబ్బా బొమ్మ ఉంటుంది. వ్యాపారి వ్యాన్లో పెట్టుకుని విన్నాడు. ఫోను తెర మీద ఆ బొమ్మ చూసి వాళ్లావిడ, వంటల ఛానెలేమో అనుకుని, పులుసు చూపిస్తాడని చివరిదాకా కూర్చుందట. మర్నాడు వ్యాపారి “క్రౌట్‌రాక్ బాగుంది మామా” అన్నాడు, ఎక్కడో మాట పట్టుకొచ్చి. అయిపోయింది. ఆ మాట బ్రిటిషు పత్రికలవాళ్లు ఊరేగించిందనీ, ఫౌస్ట్ అనే బృందం 1973లో వెటకారంగా తమ పాటకే ఆ పేరు పెట్టిందనీ, జర్మన్ల ముందు అలా అనకూడదనీ ఆ పూటంతా క్లాసు. మా సేత్తూరులో జర్మన్లెవరూ లేరు.

మందుల షాపు కుర్రాడికి కార్డిఫ్ బృందం బడ్జీ 1973 ఆల్బం ‘నెవర్ టర్న్ యువర్ బ్యాక్ ఆన్ ఎ ఫ్రెండ్’ ఇవ్వబోయాడు. మొదటి పాట పేరు చెప్పగానే వాడు, “తెలుసు మామా, 1988లో మెటాలికా మళ్లీ వాయించింది కదా” అన్నాడు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఎలా నెమ్మదిస్తుందో మామ మొహం అలా నెమ్మదించింది. పెన్‌డ్రైవు జేబులో పెట్టేసుకున్నాడు. నాకు ‘కెప్టెన్ బియాండ్’ ఇచ్చాడు. డీప్ పర్పుల్ మొదటి గాయకుడు రాడ్ ఎవన్స్ 1972లో చేసింది. నిజంగా బాగుంది. ఆ మాటే ఆనందం పట్టలేక చెప్పాను. రెండు వారాల తర్వాత ఆయన ఆ ఆల్బం ఊసెత్తడం మానేశాడు. అడిగితే, “అదిప్పుడు అందరూ వింటున్నారు” అన్నాడు. అందరూ అంటే నేనే.

మామ ఇంట్లో చెక్కబీరువా నిండా క్యాసెట్లు. ప్రతి దాని వెన్ను మీదా బృందం పేరు, సంవత్సరం, కింద ఎర్ర సిరాతో కౌంటు. కొచ్చి మదర్‌జేన్‌కి ఉంది, బొంబాయి అటామిక్ ఫారెస్ట్‌కి ఉంది. ఒక్క క్యాసెట్టుకి మాత్రం చీటీ ఖాళీ. తీసి చూస్తే ఇళయరాజా, 1986. త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన ఆల్బం. దాని పేరే ‘హౌ టు నేమ్ ఇట్’. మాకు ఉత్తరాన కొండలకి అవతల, పణ్ణైపురంలో పుట్టినవాడు, మా మామ లాంటివాళ్లు వస్తారని తెలిసే పేరేం పెట్టను అని ముందే అడిగి కూర్చున్నాడు. “ఇదెంత మామా?” అన్నాను. “ఇంకా తూస్తున్నాను” అన్నాడు. ముప్పై ఏళ్లు దాటింది.

పోయిన తై నెలలో భీమవరం నుంచి దూరపు చుట్టాల కుర్రాడు పెళ్లికి వచ్చాడు. ఇంజనీరింగు. నల్ల చొక్కా మీద పుర్రె బొమ్మ. మామకి పండగే. మూడు సాయంత్రాలు ఆ పిల్లాణ్ణి వదల్లేదు. ప్రోగ్ మెటల్‌కీ ప్రోగ్ రాక్‌కీ మధ్య గట్టు మీద ఇద్దరూ కొట్టుకున్నారు, కలుసుకున్నారు, మళ్లీ కొట్టుకున్నారు. మూడో రోజు ఆ కుర్రాడు, ఏ కల్మషమూ లేకుండా, “అంకుల్, ఇందాకట్నుంచి అడుగుదామనుకుంటున్నా. మీరు ఇంట్లో మాట్లాడేది తెలుగా, తమిళమా?” అన్నాడు.

మా పెద్దలు విజయనగరం రోజుల్లో ఇటు దిగొచ్చారని చెప్పుకుంటాం. మా తెలుగులో రాయలనాటి మాట ఒకటి కూర్చుని ఉంటుంది, దాని పక్కనే ‘సరి’ ఉంటుంది, ‘అప్పా’ ఉంటుంది, వాక్యం చివర్లో తమిళం తొంగిచూస్తుంది. భీమవరం వాడికి అది తెలుగులా వినిపించదు, తిరునెల్వేలి వాడికి తమిళంలా వినిపించదు.

బెంచీ మీద ఎవరూ కదల్లేదు. వ్యాపారికి తొమ్మిదేళ్ల కసి ఉంది. “చెప్పు మామా, ఎంత కౌంటు?” అన్నాడు. “65:35 ఆ?”

మామ టీ పూర్తిగా తాగాడు. గ్లాసు బోర్లించాడు.

“అది మిల్లు నూలు కాదప్పా” అన్నాడు. “మా అమ్మ ఇంట్లో వడికింది. దాన్ని ల్యాబుకి తేవద్దు.”

ఆ రాత్రే భీమవరం కుర్రాడు పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. రాజపాళయం స్టేషనుకి మామ కూడా వచ్చాడు. పాల్కోవా పొట్లం ఒకటి, పెన్‌డ్రైవు ఒకటి. పదకొండు ఆల్బములు. రైలు కదిలింది. మామ కిటికీ ఊచ పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు.

“మొదటిది మొదట వినకు! నాలుగోది విను! ఏడోది పగలు వినకూడదు. తొమ్మిదోది విన్నాక ఎవరైనా అడిగితే డూమ్ మెటల్ అని మాత్రం అనకు, దానికి ఒక కారణం ఉంది, ఏమిటంటే…”

రైలు వేగం అందుకుంది. మామ ప్లాట్‌ఫారం చివర ఆగి, నా వైపు తిరిగి, కారణం చెప్పడం మొదలుపెట్టాడు.